అధ్యక్షుడి కనుబొమలు

ఒక దేశాధ్యక్షుడి జుట్టు నెరవకుండా ఇరవై ఏళ్లు కాపాడిన మనిషి పక్కన నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆయన రంగు వేసింది బొమ్మలో జుట్టుకు. అసలు తలకు వేసేవాడు వేరే ఉన్నాడట, అతనికి ప్రభుత్వం కారు ఇచ్చిందట. మా పెద్దాయనకు ఒక పతకం ఇచ్చారు. అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఇర్వింగ్‌లో మా సైన్‌బోర్డుల షాపులో దాన్ని రంగు డబ్బాల మూతలు తియ్యడానికి వాడేవాడు. అంచు బాగా సన్నంగా ఉండేది, మంచి పనిముట్టు.

దేశం పేరు రాయను. సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు తలో దారి పట్టిన దేశాల్లో ఒకటి. అధ్యక్షుడి పేరు అసలే రాయను. అది విడిపోయిన రోజున ఎక్కిన కుర్చీ ఆయన దిగలేదు, నేనిక్కడ అపార్ట్‌మెంట్లు నాలుగు మారాను.

నా సంగతి చెప్పాలంటే, చదివింది ఎనిమిదో తరగతి, అదీ సగం. లెక్కల మాస్టారి బొమ్మ నల్లబల్ల మీద గీశాను. ఆయన లోపలికి వస్తూనే తనని తాను గుర్తుపట్టారు. పోలిక అంత బాగా కుదరకపోయి ఉంటే ఇంకో రెండేళ్లు చదివేవాణ్ణేమో. ఆ వారంలోనే మా నాన్న నన్ను తెనాలిలో సినిమా బ్యానర్లు గీసే ఆర్టిస్టు దగ్గర చేర్చాడు. పదిహేనేళ్లు హీరోల బుగ్గలకు గులాబీ రంగు, ఎన్నికలొస్తే నాయకుల బుగ్గలకు అదే గులాబీ రంగు. డబ్బా కూడా మార్చేవాళ్లం కాదు. తర్వాత ఫ్లెక్సీ మెషీను వచ్చింది. పదిమంది వారం రోజులు చేసే పనిని అది మేం టిఫిన్ తినొచ్చేలోపు చేసి పక్కన పడేసేది. పని లేని ఆర్టిస్టుకు పిల్లనెవరిస్తారు? ఒక నర్సు తనని తానే ఇచ్చుకుంది. ఆమెకు టెక్సస్‌లో ఆసుపత్రి ఉద్యోగం వస్తే, సూట్‌కేసులతో పాటు నేనూ వచ్చాను.

మా ఊళ్లోనే లాస్ కొలీనాస్ అనే పేటలో అద్దాల మేడల్లో మనవాళ్లు కోడ్ రాసుకుంటుంటే, హైవేకి ఇవతల ఇండియన్ గ్రోసరీ షాపుల వరసలో నేను ఆ గ్రోసరీల పేర్లు రాసేవాణ్ణి. మా షాపు ఓనరు కరీంనగర్ ఆయన. చేరిన మొదటి రోజే నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి, అక్కడ స్టూలు మీద కూర్చుని అక్షరాలకు అంచులు దిద్దుతున్న ఒక పొడుగాటి మనిషిని చూపించాడు.

“అన్నా, ఈయన గూడ నీ లెక్కనే పెయింటర్. ఈయన ఇంగ్లీష్ నాకు సమజైతలేదు. నీదైతే అస్సలే కాదు. మీ ఇద్దరికీ మంచిగ సెట్ అయితది.”

సెట్ అయింది. ఆయన్ని నేను గురువుగారూ అనేవాణ్ణి. నన్ను తమ్ముడూ అనమని నేర్పాను. క్రియలు లేని ఇంగ్లీషు ఆయనది, కాలాలు లేని ఇంగ్లీషు నాది. కలిపితే ఒక భాష అయ్యేది. ఆయన చెప్పింది నాకు అర్థమైన తెలుగులోనే ఇక్కడ రాస్తున్నాను.

ఇద్దరి చరిత్రా ఒకటే అని మొదటి వారంలోనే తేలింది. వాళ్ల రాజధానిలో ప్రభుత్వ చిత్రశాల ఒకటి ఉండేది. అందులో ఆయన పెద్ద ఆర్టిస్టు. అక్కడా ప్రింటింగు మెషీను దిగింది, ఆయన్ని ఇంటికి పంపింది. నియంతలూ హీరోలూ మా జోలికి రాలేదు, ఇద్దరి పొట్టా కొట్టింది ఒకే మెషీను. భార్య పోయిన ఏడాదికి, లాటరీలో గ్రీన్‌కార్డు తగిలి ఏళ్ల ముందే ఇక్కడికి చేరిన కూతురి దగ్గరికి ఆయన అమెరికా వచ్చేశాడు.

ఆ దేశాధ్యక్షుడి జీవిత చరిత్ర మొత్తం నేను పెద్దాయన వేసిన బొమ్మల వరసలోనే నేర్చుకున్నాను. మొదటి బొమ్మలో అధ్యక్షుడు ఇంకా ఒక జిల్లాకు పార్టీ కార్యదర్శి. బూడిద రంగు కోటు, రొమ్ము మీద పార్టీ బిళ్ల, వెనక ఎర్రజెండా, చూపు ఎడమవైపు పైకి.

“ఎడమవైపు పైన ఏముంది గురువుగారూ?”

“భవిష్యత్తు.”

“మా నాయకులకు ఎప్పుడూ ఎదురుగానే ఉండేది. చేతులు జోడించి దాన్ని ఓటు అడిగేవాళ్లు.”

జిల్లా నుంచి రాజధానికి వచ్చాక బొమ్మ సైజు పెరిగింది. బొమ్మ పెరిగిందంటే మనిషి పైకి వెళ్లాడని జనం లెక్క కట్టేవాళ్లట. అంతలో సోవియట్ యూనియన్ పోయింది. ఒక సోమవారం పొద్దున చిత్రశాలకు కబురు: బిళ్ల తీసెయ్యండి, ఎర్రజెండా మీద నీలాకాశం వెయ్యండి. కొత్త కాన్వాసులకు సరుకు లేదు. పాత బొమ్మల మీదే బిళ్ల ఉన్న చోట కోటు మడత గీశారు, జెండా మీద మబ్బులు తేలించారు. పార్టీ రద్దయింది, కార్యదర్శి మాత్రం అధ్యక్షుడయ్యాడు. ఎండ ఎక్కువగా పడే స్కూళ్లలో రెండేళ్లకే ఆ ఆకాశంలోంచి ఎరుపు బయటికి వచ్చేదట. “అందుకని సూర్యాస్తమయం అని చెప్పేవాళ్లం” అన్నాడు పెద్దాయన.

పదవీకాలం అయిపోవచ్చింది. మాటిమాటికీ ఎన్నికలు పెట్టి జనాన్ని ఎండలో నిలబెట్టడం ఎందుకని, ఒక్కసారే అడిగి పొడిగించుకున్నాడు. ఆ ఏడు బొమ్మలో ఒళ్లో చిన్నపిల్ల కూర్చుంది. తర్వాతి పొడిగింపుకి జాతీయ దుస్తులు వచ్చాయి. ఆ తర్వాతి దానికి గుర్రం. గుర్రమంటే ఆయనకు భయమట, అందుకని గుర్రాన్ని ఒక ఆర్టిస్టు, ఆయన్ని ఒక ఆర్టిస్టు గీసి మధ్యలో కలిపారు. ఇన్ని మారినా మారనివి రెండే: నల్లటి జుట్టు, దాని కింద దట్టమైన కనుబొమలు. ముక్కు దగ్గర కొంచెం పైకి లేచి, చివర కిందికి వాలే ఆ కనుబొమలు గియ్యడం నాకు కూడా వచ్చేసింది. ఖాళీగా ఉన్నప్పుడు అట్టముక్కల మీద పెద్దాయన చెయ్యి దానంతటదే వాటిని గీసేది.

ఆ వ్యాధి నాకూ ఉంది కనక నవ్వలేకపోయేవాణ్ణి. మా ఆవిడ బొమ్మ ఒకసారి గీస్తే చూసి, “మీసం ఒక్కటే తక్కువండీ, పెట్టేస్తే రిలీజ్ చేసేయొచ్చు” అంది. ఎవరిని గీసినా నా చేతిలో హీరోనే అవుతారు.

2011లో పెద్దాయన మనవరాలికి పెళ్లి కుదిరింది. ఆ అమ్మాయి డెంటిస్టు చదువుతోంది, తాతను ఇంగ్లీషులో ప్రేమిస్తుంది. ఒక శనివారం షాపుకి వచ్చి ఆయన మెడ చుట్టూ చేతులేసి అడిగింది: “నా పెళ్లి హాల్లో అమ్మమ్మ ఉండాలి తాతయ్యా. నువ్వే గియ్యాలి. మేం వచ్చేసినప్పుడు నేను పసిపిల్లని, తన మొహమే గుర్తు లేదు.”

సరే అన్నాడు. పిల్ల వెళ్లగానే స్టూలు మీద కూలబడ్డాడు.

“నలభై ఏళ్లు కాపురం చేశాను తమ్ముడూ. ఆమెను ఒక్కసారి కూడా గియ్యలేదు.”

“అదేంటండీ?”

“రోజూ అడిగేది. ఈ నెల ఆర్డరు కానీ అనేవాణ్ణి. ఇంట్లో ఆర్టిస్టు ఉండగా ఫోటో ఎందుకని ఆమె ఫోటోలు కూడా తీయించుకోలేదు.”

మిగిలింది గుర్తింపు కార్డు మీది చిన్న ఫోటో ఒక్కటే. అదీ ఏళ్ల తరబడి పర్సులో మడిచి పెట్టడంతో మడత సరిగ్గా కళ్లపైన విరిగి, అక్కడ కాగితం తెల్లబడిపోయింది. తలకు రుమాలు, కింద కళ్లు, ముక్కు, గడ్డం. మధ్యలో మంచు కురిసినట్టు ఖాళీ.

మార్చిలో పెళ్లి. అక్టోబరులో మొదలుపెట్టాడు. మొదటి బొమ్మ నాలుగు రోజుల్లో పూర్తయింది. నేను చూసి ఆపుకోలేకపోయాను.

“గురువుగారూ, అధ్యక్షుడు తలకు రుమాలు కట్టుకున్నాడేంటండీ? పదవి దిగి పారిపోతున్నాడా?”

ఆయన కుంచె పక్కన పెట్టాడు. వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. అవే కనుబొమలు. ఇరవై ఏళ్లు ప్రతి గోడ మీదా వేలాడినవి. గుడ్డ తీసుకుని ఆ కనుబొమల్ని తుడిచేశాడు.

ఆ సాయంత్రమే న్యూయార్క్ పక్కనున్న జెర్సీ సిటీ నుంచి ఆయన మరదలు ఫోన్ చేసింది. భార్యకు చెల్లెలు. అక్కను చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్లలో ప్రాణాలతో ఉన్నది ఆమె ఒక్కతే. ఆమె భర్త స్కూలు టీచరుగా ఉండగా, క్లాసురూములో ఉన్న ఒకే ఒక్క మేకుకు అధ్యక్షుడి పటం తీసి ప్రపంచ పటం తగిలించాడట, పాఠం చెప్పడానికి. తనిఖీకి వచ్చినవాళ్లు చూశారు, ఉద్యోగం పోయింది. అందుకని ఆమె ఫోన్లోనే చెప్పేసింది: “బావా, నీ చెయ్యి నాకు తెలుసు. ఆ పెళ్లి హాల్లో మా అక్క మొహంలో వాడు కనపడ్డాడంటే, భోజనం కూడా చెయ్యకుండా ఫ్లైట్ ఎక్కేస్తాను.”

పెద్దాయనకు భయం పట్టుకుంది. రెండో బొమ్మకు కనుబొమలు సన్నగా గీశాడు. అధ్యక్షుడు పోయాడు, పోతూ పోతూ ఆవిణ్ణి కూడా తీసుకుపోయాడు. ఎవరో పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్నట్టుంది. మూడోది ఇంకా పల్చగా. నాలుగోదానికి నేను మా బ్యానర్ల పద్ధతి చెప్పాను. పెద్ద కటౌట్లకు మేం గళ్లు కొట్టి, గడికొకరం గీసేవాళ్లం. ఎవరికీ మొత్తం మొహం కనపడదు కనక ఎవరి అలవాటూ దూరదని మా గురువు నమ్మకం. ఫోటోని గళ్లు చేసి పంచుకున్నాం. నాకు బుగ్గలు వచ్చాయి. కలిపాం. ఓనరు టీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

“గిదెవరన్నా? విలన్ చెల్లె లెక్కుంది.”

“బుగ్గలు నావి” అన్నాను.

“అది కనబడ్తనే ఉంది.”

జనవరి వచ్చింది. పెద్దాయన భోజనం డబ్బా తెరవడం మానేశాడు. “ఆమెను నేను మర్చిపోయాను తమ్ముడూ. నా కళ్లలో వాడొక్కడే ఉన్నాడు” అని ఒకరోజు మెల్లగా అన్నాడు. నేను ఆయన డబ్బా మూత తీసి ముందు పెట్టాను.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. విని, “లోపల ముల్లు ఉంచేసి పైన కట్లు మారుస్తుంటే ఏ పుండైనా మానుతుందా?” అంది. “ఆ మనిషిని ముందు బయటికి తియ్యమనండి. ఉన్నది ఉన్నట్టు ఒకసారి గీసెయ్యమనండి. మీరు కూడా ఎప్పుడైనా నన్ను అలా గీస్తే సంతోషిస్తాను.”

మర్నాడు ఆయనకు చెప్పాను. అధ్యక్షుణ్ణి ఎప్పుడైనా దగ్గరగా చూశారా అని అడిగాను. చూశాడట, ఒక్కసారి. ఆరుగురు ఆర్టిస్టుల్ని ఆయన ముందు కూర్చోబెట్టారు. పది నిమిషాలు కాగానే అధ్యక్షుడు కుర్చీలోనే నిద్రపోయాడు. నోరు తెరుచుకుంది. లేపే ధైర్యం ఎవరికీ లేదు. ఆరుగురూ గంటసేపు ఆ నిద్రపోయే మనిషిని చూస్తూ, భవిష్యత్తు వైపు చూస్తున్న మనిషిని గీశారు.

“ఆ నిద్రపోయే మనిషిని గియ్యండి.”

ఆయన తలుపు వైపు చూశాడు. టెక్సస్‌లో, గ్రోసరీ షాపుకూ సెల్‌ఫోన్ షాపుకూ మధ్య, దేశం వదిలిన తొమ్మిదేళ్ల తర్వాత కూడా. నేను వెళ్లి తలుపుకి గడియ పెట్టాను. ఓనరుకి సంగతి చెబితే వెనక పడున్న పెద్ద ప్లైవుడ్ చెక్క తనే మోసుకొచ్చి గోడకు నిలబెట్టి, “గీయుండ్రి సార్, ఈడ ఎవడొస్తడో నేను చూస్త” అన్నాడు.

మూడు శనివారాల మధ్యాహ్నాలు గీశాడు. మొదటి వారం మాటిమాటికీ తలుపు వైపు చూశాడు. తెల్ల వెంట్రుకలు గీస్తున్నప్పుడు మాత్రం పసిపిల్లాడిలా నాలుక బయటపెట్టి గీశాడు. ఇరవై ఏళ్లుగా దాచిన తెలుపంతా ఒకేసారి వాడేశాడు. చెవి పక్క పుట్టుమచ్చ, మెడ కింద వేలాడే చర్మం, తెరిచిన నోరు. రాక్షసుడేం కాదు. బస్సులో మన భుజం మీద తల వాల్చే ముసలాయనలా ఉన్నాడు. చివరికి కనుబొమలు మిగిలాయి. కుంచె ఎత్తాడు, అక్కడే ఆగిపోయాడు.

తర్వాత కుంచె కింద పెట్టేశాడు.

“ఈయనకు కనుబొమలు లేవు.”

“అంటే?”

“నాలుగు వెంట్రుకలు. అంతే. ఫోటో చూసి గీసిన మొదటి బొమ్మ తీసుకెళ్తే పైఅధికారి తిరగ్గొట్టాడు. నాయకుడి కనుబొమలు గట్టిగా ఉండాలన్నాడు. ఇంటికొచ్చాను. ఆమె పిండి పిసుకుతోంది. వెలుతురు మొహం మీద పడుతోంది...” ఆయన రెండు చేతులూ నా భుజాల మీద పడ్డాయి. “తమ్ముడూ! అవి ఆమెవి! నేను ఆమెను చూసి గీశాను!”

ముప్పై రెండు పళ్లూ కనపడేలా నవ్వడం ఆయన్ని అప్పుడే చూశాను. ఇరవైఎనిమిదే ఉన్నాయి. మొదటి బొమ్మలోనే పోలిక కుదిరిందన్నమాట. మేమందరం అధ్యక్షుడు అధ్యక్షుడు అని ఎగతాళి చేసి ఆయన చేత తుడిపించాం. ఆమె మొహంలో అధ్యక్షుడు కనపడటం నిజం కాదు. అధ్యక్షుడి మొహంలోనే ఆమె ఉంది. మిగతా ఆర్టిస్టులూ ఆ బొమ్మ చూసే గీశారు కనక, ప్రతి స్కూల్లో, ప్రతి పోస్టాఫీసులో, గుర్రం మీద కూడా. దేశమంతా ఇరవై ఏళ్లు నిలబడి సెల్యూట్ కొట్టింది పిండి పిసుకుతున్న ఒక ఇల్లాలి కనుబొమలకు.

“ఒక్కసారీ గియ్యలేదన్నారు కదండీ” అన్నాను. “మీ అంత ఎక్కువగా పెళ్లాం బొమ్మ గీసిన మొగుడు ప్రపంచంలో లేడు.”

ఆ నిద్రపోయే అధ్యక్షుణ్ణి ఆరబెడుతుండగా ఆ దేశం మనిషే ఒకాయన కబాబు కొట్టుకు బోర్డు కావాలని వచ్చాడు. చెక్కను చూసి టోపీ తీసేశాడు. గొంతు తగ్గించి, “ఎప్పుడు పోయాడు?” అని అడిగాడు.

“పోలే సార్, పండుకున్నడంతే” అన్నాడు ఓనరు.

ఆయన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. అంత నిరాశగా టోపీ పెట్టుకున్న మనిషిని నేను చూడలేదు.

అసలు బొమ్మ ఆ తర్వాత తొమ్మిది రోజుల్లో అయిపోయింది. ఈసారి ఆయన కనుబొమలతోనే మొదలుపెట్టాడు, జంకు లేకుండా. వాటి కింద కళ్లు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. ముక్కు మీద పిండి మరక గీశాడు. బుగ్గలకు నన్ను దగ్గరికి రానివ్వలేదు.

పెళ్లి రోజు బాంక్వెట్ హాల్లో, తలుపుకి ఎదురుగా స్టాండు మీద దాన్ని నిలబెట్టాం. నేను టై కట్టుకున్నాను. మా ఆవిడ కంచిపట్టు చీర. ఓనరు సూటు వేసుకుని, బొమ్మ తనే గీసినట్టు పక్కన నిలబడ్డాడు. పెద్దాయన మాత్రం స్తంభం వెనక్కి వెళ్లిపోయాడు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మరదలు వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో పెద్ద సంచి. పెళ్లికూతుర్ని కూడా ముద్దుపెట్టుకోకుండా నేరుగా బొమ్మ దగ్గరికి నడిచింది. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంది. ఎంతసేపు చూసిందో. నా చేతి వేళ్లు విరిగేలా ఉన్నాయి.

అప్పుడు ఆమె బొమ్మ మీద అరవడం మొదలుపెట్టింది. వాళ్ల భాషలో, చెయ్యి ఊపుతూ, ఏకధాటిగా. మా పక్కకు వచ్చిన పెళ్లికూతురు నవ్వూ ఏడుపూ కలిపి ఇంగ్లీషులో మాకు చెప్పింది. “అమ్మమ్మని తిడుతోంది. జబ్బని నాకెందుకు చెప్పలేదే, ఒక్క ఉత్తరం రాస్తే వచ్చేదాన్ని కదే, అన్నీ లోపలే దాచుకుంటావు, ఎప్పుడూ ఇంతే నువ్వు అంటోంది.”

పెద్దాయన నా చెయ్యి వదిలాడు. స్తంభం వెనక నుంచి బయటికొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. కనుబొమల సంగతి చెప్పాడు, వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ. ఆమె విన్నది. బొమ్మను మళ్లీ చూసింది. తర్వాత ఏదో అంది, పెళ్లికూతురు పొట్ట పట్టుకుని నవ్వుతూ వంగిపోయింది.

“ఏమందమ్మా?” అని అడిగాను.

“వాళ్లాయన క్లాసురూములో ఆ పటం చూసినప్పుడల్లా ఉమ్మెయ్యాలనిపించేదట అంకుల్, మనసు మాత్రం వచ్చేది కాదట. వాడి దగ్గర మా ఇంటి సొత్తేదో ఉందని అప్పుడే అనుమానం వచ్చిందట.”

ఆ తర్వాత ఆమె సంచి కింద పెట్టి, బావ చెయ్యి పట్టుకుని, మొత్తం హాలుకు వినపడేలా భోజనం ఎక్కడని అడిగింది. బొమ్మ బాగుందని ఆ రోజు ఒక్కరూ అనలేదు. వచ్చినవాళ్లందరూ దాని ముందు ఆగి, ఆవిడకు నమస్కారం పెట్టి లోపలికి వెళ్లారు.